ఖారూన్ మాట మన ఇంట్లో వినిపిస్తే

మగ్రిబ్ (సూర్యాస్తమయ) నమాజు అయ్యాక పాత గుంటూరులో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే ఏ మక్తబ్‌కైనా వెళ్లి, మూసా ప్రవక్త గురించి చెప్పమని పిల్లల్ని అడగండి. కర్ర పాము కావడం, సముద్రం చీలడం చెప్పి ఆగుతారు. అదే ఫిరౌన్ గురించి అడిగితే కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. అతని గొంతు వీళ్లకు వచ్చేస్తుంది, నడక కూడా మారిపోతుంది. బైబిల్ చదివే ఇళ్లలో వీళ్లే మోషే, ఫరో. గుంటూరులో అలాంటి ఇళ్లకు కొదవ లేదు కాబట్టి చాలామంది పాఠకులకు ఈ కథ కొత్తదేమీ కాదు. చెడ్డపాత్ర మీద ఈ మోజు కూడా మనకు కొత్త కాదు. ఇక్కడి ఏసీ కాలేజీలో చదువుకున్న ఎన్టీఆర్ రాముడిగా, కృష్ణుడిగా ఎన్ని సినిమాల్లో వేసినా, స్కూలు వార్షికోత్సవంలో మీసం పెట్టుకుని స్టేజి ఎక్కే పిల్లవాడు ఎక్కువగా అనుకరించేది ఆయన దుర్యోధనుణ్నే.

పిల్లలకు నీతి నేర్పాల్సిన చోట ఇలాంటి పాత్రలతో పనేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. అనుసరించాల్సిన ఆదర్శం దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)లో ఉందని ఖుర్ఆన్ 33వ సూరా (అధ్యాయం), 21వ ఆయతు (వాక్యం) సూటిగా చెబుతోంది. ఆయన్ని చూపిస్తే సరిపోదా? కానీ అదే ఖుర్ఆన్‌లో ఫిరౌన్ పేరు 74 సార్లు వస్తుంది. సైతానైన ఇబ్లీస్, ధనవంతుడు ఖారూన్, ఫిరౌన్ అనుచరుడు హామాన్, దూడ విగ్రహం చేసిన సామిరీ, తమ్ముణ్ని చంపిన ఆదం కొడుకు, రెండు తోటలు చూసుకుని విర్రవీగిన ఆసామి... వీళ్లను పక్కన పెడితే గ్రంథంలో పెద్ద భాగమే పక్కకు పోతుంది. హుజైఫా అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) మాట ఒకటి బుఖారీ, ముస్లిం అనే హదీసు గ్రంథాల్లో, అంటే ప్రవక్త మాటలూ చేతలూ నమోదు చేసిన సంకలనాల్లో, ఉంది. అందరూ దైవప్రవక్తను మంచి గురించి అడిగేవారట. ఆయన మాత్రం, ఎక్కడ తనను పట్టుకుంటుందోనన్న భయంతో, చెడు గురించి అడిగేవాడట. ఆ సంభాషణ నిజానికి రాబోయే కల్లోలాల గురించి. అయినా తర్బియత్ (పిల్లల పెంపకం) గురించి మాట్లాడేవాళ్లు దాన్ని తరచూ ఉదహరిస్తారు.

కాబట్టి చెడ్డవాళ్ల కథలు చెప్పాలా వద్దా అన్న వాదన వల్ల ఉపయోగం లేదు. చెప్పక తప్పదు. ఏ వైపు నుంచి చెబుతున్నామన్న దగ్గరే అంతా ఉంది. మన దగ్గర సాధారణంగా కథను తోక పట్టుకుని చెబుతాం. వాడు ఇలా చేశాడు, మునిగిపోయాడు. వీడు ఇలా చేశాడు, భూమి మింగేసింది. నువ్వూ చేస్తే నీకూ అదే గతి. ఖుర్ఆన్ శిక్షను దాచదు, నిజమే. కానీ ఎక్కువ చోట్ల శిక్షకు ముందు ఆ మనిషిని మాట్లాడనిస్తుంది. తన తప్పును అతను ఎలా సమర్థించుకున్నాడో అతని నోటితోనే వినిపిస్తుంది. నా దృష్టిలో పాఠం ఉన్నది అక్కడే.

ఇబ్లీస్ సంగతే తీసుకోండి. 7వ సూరాలో ఇద్దరు ఆజ్ఞ తప్పినట్టు కనిపిస్తారు. మొదటి మనిషి ఆదంకు సజ్దా (సాష్టాంగ నమస్కారం) చేయమంటే ఇబ్లీస్ చేయలేదు. దగ్గరికి వెళ్లవద్దన్న చెట్టు దగ్గరికి ఆదం దంపతులు వెళ్లారు. తప్పు రెండు వైపులా ఉంది. ఎందుకు చేయలేదని అడిగితే ఇబ్లీస్ చెప్పిన జవాబు 12వ ఆయతులో ఉంది: నేను అతనికన్నా మేలైనవాణ్ని, నన్ను నిప్పుతో చేశావు, అతన్ని మట్టితో చేశావు. ఆదం, హవ్వాల జవాబు 23వ ఆయతులో ఉంది: ప్రభూ, మాకు మేమే అన్యాయం చేసుకున్నాం. ఇద్దరి దారులూ అక్కడ వేరయ్యాయి. తప్పు చేసినందుకు కాక, తప్పు చేశాక వాదించినందుకు ఇబ్లీస్ చెడ్డ ఉదాహరణ అయ్యాడు. పైగా అతని వాదనలో పుట్టుక గొప్ప కూడా ఉంది. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి సయ్యద్, షేక్, పఠాన్, దూదేకుల అని లెక్కలు తీసే మన ఇళ్లలో ఈ ఆయతును ఆ కోణంలో ఎంతమంది చదివి వినిపిస్తారో తెలియదు. మట్టి, నిప్పు అన్న మాటల చోట మన మాటలు పెట్టి చూస్తే వాదనలో తేడా ఏమీ ఉండదు.

ఖారూన్ కథ ఇంకా లోతైనది. అది 28వ సూరాలో 76 నుంచి 82 దాకా ఉన్న ఏడు ఆయతుల కథ. బైబిల్‌లోని కోరహు ఇతనే అంటారు. ఇతను మూసా జాతివాడే. ఇతని ఖజానాల తాళంచెవులు మోయడమే ఒక బలమైన మనుషుల గుంపుకు భారమయ్యేదట. మిడిసిపడకు, దేవుడు నీకు మేలు చేసినట్టు నువ్వూ ఇతరులకు మేలు చెయ్యి అని సొంతవాళ్లు చెబితే, ఇదంతా నాకున్న తెలివి వల్ల వచ్చింది అన్నాడు. అతని మాట అంతే. దొంగతనం ఊసు అక్కడ లేదు. విన్నవాళ్లకు సబబుగానే తోచే మాట అది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ర్యాంకుల హోర్డింగుల కింద నిలబడి వింటే మరీ సబబుగా తోస్తుంది. ఈ నగరంలో ఎదిగే పిల్లవాడికి ఇంట్లో, కాలేజీలో, బంధువుల్లో రోజూ వినపడేది దాదాపు ఇదే.

కథకుడి నేర్పు దాని తర్వాత కనిపిస్తుంది. ఖారూన్ ఆడంబరంగా వీధిలోకి వస్తాడు. చూస్తున్నవాళ్లలో కొందరు, మనకూ ఇలా ఉంటే ఎంత బాగుండేది, ఎంత అదృష్టవంతుడు అనుకుంటారు. అతన్నీ అతని ఇంటినీ భూమి మింగాక, నిన్నటిదాకా అతని స్థానం కోరుకున్న ఆ జనమే తెల్లారేసరికి నాలుక కరుచుకుంటారు. అంటే ఖారూన్ కథలో ఖారూన్ ఒక్కడే లేడు. అతన్ని చూసి ముచ్చటపడినవాళ్లూ ఉన్నారు. మక్తబ్‌లో కూర్చున్న పిల్లవాడు ఖారూన్ అయ్యే అవకాశం తక్కువ. చాలామందికి అన్ని తాళంచెవులు రావు. రోడ్డు పక్కన నిలబడి చూసే గుంపులో మాత్రం వాడు ఇప్పటికే ఉన్నాడు. పాఠం చెప్పే ఉస్తాదూ అదే గుంపులో ఉన్నాడు, నేనూ ఉన్నాను. కథ చెప్పేటప్పుడు ఆ గుంపును వదిలేసి భూమి మింగడం దగ్గరికి గెంతితే మిగిలేది పిట్టకథే.

11వ శతాబ్దంలో ఇస్లాం పండితుడు గజాలీ ఈ విషయాన్ని ఒక పద్ధతిగా చెప్పాడు. మనిషి తన లోపాలు తెలుసుకోవడానికి ఆయన చూపిన దారులు నాలుగు: గురువు దగ్గర కూర్చోవడం, మొహమాటం లేకుండా చెప్పే స్నేహితుణ్ని పెట్టుకోవడం, శత్రువు నోట తన గురించి వినడం, జనంలో కలిసి తిరుగుతూ వాళ్లలో కనిపించిన ప్రతి లోపాన్నీ తనలో వెతుక్కోవడం. మనకు కావలసింది నాలుగోది. ఎవరిలోనో దుర్గుణం కనిపించగానే అది నాలో ఎక్కడుందని అడగమంటాడు. షిరాజ్‌కు చెందిన ఫార్సీ కవి సాదీ 13వ శతాబ్దంలో రాసిన గులిస్తాన్‌లో జ్ఞానిగా పేరున్న లుక్మాన్‌ను మర్యాద ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, మర్యాద లేనివాళ్ల దగ్గర అంటాడు. పాతకాలం మదర్సాల్లో ఫార్సీ చదివిన తాతలకు ఇది నోటికి వచ్చి ఉండేది. ఇద్దరి మాటలోనూ చెడ్డ ఉదాహరణ చేసే పని ఒకటే. దాన్ని చూసినవాడి వేలు మళ్లీ తన వైపే తిరగాలి.

ఆ వేలు పక్కింటి వైపు తిరిగితే పాఠం కాస్తా గీబత్ (చాటున చెడు మాట్లాడటం) అయిపోతుంది. వీధి చివర తాగి పడిపోయే ఒక మనిషిని చూపించి, చూశావా, నమాజు చదవకపోతే ఇలా అవుతావు అనడం చాలా ఇళ్లలో మామూలు. తల్లిదండ్రుల ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే 49వ సూరాలో పక్కపక్కనే ఉన్న 11, 12 ఆయతులు రెండూ దీనికి అడ్డం పడతాయి. మొదటిది ఎదుటివాళ్లను ఎగతాళి చేయొద్దంటుంది, వాళ్లు మీకన్నా మేలైనవాళ్లు కావచ్చునని కూడా అంటుంది. రెండోది చాటున చెడు మాట్లాడటాన్ని చనిపోయిన సోదరుడి మాంసం తినడంతో పోలుస్తుంది. తాగుడుకు పదేపదే శిక్ష పడిన ఒకతన్ని ఎవరో శపిస్తే ప్రవక్త వారించి, అతను అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తాడు అన్నారని బుఖారీలో ఉంది. ఎవరి గురించైనా చెడ్డమాట తన చెవిన పడితే ఆయన పేరు ఎత్తేవారు కాదని, కొందరికి ఏమైంది, ఇలా అంటున్నారు అని సభలో అనేవారని ఆయన భార్య ఆయిషా చెప్పిన మాట అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. తప్పు ఏదో అందరికీ తెలిసేది, తప్పు చేసినవాడి పరువు మాత్రం నిలిచేది.

ఖుర్ఆన్ కూడా పేర్ల విషయంలో చాలా పొదుపరి. ప్రవక్తను అన్నేళ్లు హింసించిన మక్కా పెద్దల్లో పేరు పెట్టి నిందించింది ఒక్క అబూ లహబ్‌నే. అదీ ఆయన సొంత బాబాయి. అయిదు ఆయతుల ఆ 111వ సూరా అమ్మ పారాలో (ఖుర్ఆన్ చివరి భాగంలో) పిల్లలు మొదట్లోనే కంఠస్థం చేసేవాటిలో ఒకటి. ప్రవక్తకు బద్ధశత్రువైన అబూ జహల్ పేరు ఖుర్ఆన్‌లో ఎక్కడా లేదు. ఆలోచించి, లెక్కలు వేసి, మొహం చిట్లించి వెనుదిరిగిన ఒకతని వర్ణన 74వ సూరాలో ఉంది. అది వలీద్ బిన్ ముగీరా అని వ్యాఖ్యాతలు అంటారు. మూలంలో పేరు లేదు. పేరు లేకపోతే వచ్చే లాభం తర్వాతి తరంలో తెలిసింది. వలీద్ కొడుకు ఖాలిద్ ఇస్లాం చరిత్రలో పేరుమోసిన సేనాని అయ్యాడు. అబూ జహల్ కొడుకు ఇక్రిమా 630లో మక్కా విజయం తర్వాత ముస్లిం అయ్యాడు. అబూ లహబ్ కూతురు దుర్రా ఇస్లాం స్వీకరించి మదీనాకు వలస వెళ్లింది. ఆమెను తండ్రి పేరు ఎత్తి దెప్పినవాళ్లను ప్రవక్త మందలించారని సహాబీల జీవిత చరిత్రల్లో కనిపిస్తుంది. చనిపోయినవాళ్లను తిట్టవద్దు, వాళ్లు చేసుకున్నది వాళ్లకు చేరింది అన్న హదీసు బుఖారీలోదే. మక్తబ్‌లో ఈ ముగ్గురు తండ్రుల కథలు చెప్పి పిల్లల కథలు చెప్పకపోవడం నాకు అర్థం కాదు.

ఇంటి పేరు చూసి మంచిచెడ్డలు తేల్చవద్దన్న మాటను 66వ సూరా చివరి ఆయతులు మరింత గట్టిగా చెబుతాయి. అక్కడ అవిశ్వాసులకు ఉదాహరణగా చూపింది నూహ్ (నోవహు) భార్యను, లూత్ (లోతు) భార్యను. ఇద్దరూ ప్రవక్తల ఇల్లాళ్లే. విశ్వాసులకు ఉదాహరణగా చూపింది ఫిరౌన్ భార్యను, యేసు తల్లి, ఇమ్రాన్ కుమార్తె మర్యమ్‌ను. ఫిరౌన్ ఇంట్లో మేలిమి ఉదాహరణ, ప్రవక్తల ఇళ్లలో చెడ్డ ఉదాహరణ. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ సూరా మొదలయ్యేది దైవప్రవక్త ఇంట్లోని ఒక వ్యవహారంతో. అంటే ఆ చెడ్డ ఉదాహరణలను మొదట వినిపించింది ఊళ్లోవాళ్లకు కాదు, సొంత ఇంటికే. ఇమామ్ గారి అబ్బాయికీ, తండ్రి జైల్లో ఉన్న అబ్బాయికీ ఒకే తరగతిలో ఈ మూడు ఆయతులు చదివి వినిపించగలిగితే, ఇద్దరికీ చెరోరకంగా తగులుతుంది.

ఇప్పుడు కాసేపు మనస్తత్వ శాస్త్రం వైపు చూద్దాం. అక్కడ దొరికే జవాబులు ఉస్తాదులకు అంత రుచించవు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కాంగ్ లీ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలను గదిలో ఒక బొమ్మతో వదిలి, వెనక్కి తిరిగి చూడొద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్లారు. తిరిగి వచ్చి ఒక కథ చదివి వినిపించి, అప్పుడు చూశావా లేదా అని అడిగారు. అబద్ధమాడి ముక్కు పెరిగిన పినోకియో కథ, నాన్నా పులి కథ విన్నవాళ్లు, సంబంధం లేని కుందేలు తాబేలు కథ విన్నవాళ్లకన్నా ఎక్కువ నిజం చెప్పలేదు. చెర్రీ చెట్టు నరికి నిజం ఒప్పుకుని మెప్పు పొందిన వాషింగ్టన్ కథ విన్నవాళ్లే ఎక్కువగా నిజం చెప్పారు. ఆ కథ ముగింపునే శిక్షగా మారిస్తే ఫలితం పోయింది.

అల్బర్ట్ బండూరా 1965 నాటి ప్రయోగం ఇంకో చిక్కు చూపింది. బొమ్మను కొట్టినవాడికి శిక్ష పడటం సినిమాలో చూసిన పిల్లలు అతన్ని తక్కువగా అనుకరించారు. కానీ, అతను చేసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వాళ్లూ మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. శిక్ష వాళ్ల చేతుల్ని ఆపిందే గానీ, నేర్చుకోవడాన్ని ఆపలేదు. ఫిరౌన్ గొంతు పిల్లలకు ఎందుకు వచ్చేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అమెరికాలో తప్పుదారి పడుతున్న కుర్రాళ్లను జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించే కార్యక్రమాలు 1970ల చివర్లో పేరు తెచ్చుకున్నాయి. వాటిమీద జరిగిన పరీక్షలను తర్వాత కలిపి చూస్తే, అక్కడికి వెళ్లినవాళ్లే ఎక్కువ నేరాలు చేసినట్టు తేలింది.

మరి చెడ్డ ఉదాహరణ ఎందుకూ పనికిరాదా? పెనెలపీ లాక్‌వుడ్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనం అందరికీ ఒకే మందు పనిచేయదంటుంది. ఏదో సాధించాలన్న మనసుతో ఉన్నవాళ్లను మంచి ఉదాహరణ కదిలిస్తుంది. ఏదో జరగకుండా చూసుకోవాలన్న మనసుతో ఉన్నవాళ్లను చెడ్డ ఉదాహరణ కదిలిస్తుంది. వాళ్లు పరిశీలించింది కాలేజీ విద్యార్థులను. అయిదేళ్ల పిల్లలకూ ఇరవయ్యేళ్ల వాళ్లకూ ఒకే కథను ఒకేలా చెప్పకూడదనడానికి నాకు ఇది చాలు.

ఖుర్ఆన్ కథలు మొదట ఎవరి చెవిన పడ్డాయన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. పాత జాతులైన ఆద్, సమూద్, ఫిరౌన్‌ల నాశనం గురించి విన్నవాళ్లలో ఒకవైపు మక్కాలో చక్రం తిప్పే ఖురైష్ తెగ పెద్దలున్నారు. వాళ్లకది హెచ్చరిక. మరోవైపు దెబ్బలు తింటున్న కొద్దిమంది విశ్వాసులున్నారు. వాళ్లకది ఓదార్పు. ప్రవక్తల గాథలు నీ మనసును నిలబెట్టడానికే వినిపిస్తున్నామని 11వ సూరా 120వ ఆయతు అంటుంది. ఈ రెండు గుంపుల్లో చిన్నపిల్ల ఎటువైపు ఉంటుంది? ఏ అధికారమూ లేని ఆ పిల్లకు ఫిరౌన్ కథను ఫిరౌన్ స్థానంలో నిలబెట్టి చెప్పడం సబబు కాదు. నదిలో తేలుతున్న బుట్ట వైపు నుంచి, ఆ బుట్ట వెంట నడిచిన అక్క వైపు నుంచి చెప్పాలి. హెచ్చరిక వినాల్సింది వడ్డీకి తిప్పేవాళ్లు, కోడలిని వేధించేవాళ్లు, కూలి ఎగ్గొట్టేవాళ్లు. జుమా ఖుత్బాలో (శుక్రవారం ప్రసంగంలో) ఆ కథ ఆ పెద్దలకు వినపడాలి.

ఈ తేడా తెలియకపోతే ఎంత గాయం అవుతుందో విజయవాడలో 2024 సెప్టెంబరు తర్వాత తేలిగ్గానే ఊహించవచ్చు. బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి వీధిలో నూహ్ కొడుకు కథ చెప్పాలంటే ఉస్తాద్‌కు నాలుక మీద అదుపు ఉండాలి. పడవ ఎక్కమంటే, కొండెక్కి నీళ్ల నుంచి తప్పించుకుంటానన్నాడు, మునిగిపోయాడు. డాబా మీద రాత్రంతా కూర్చున్న పిల్లకు ఇందులో వినపడేది ఏమిటి? నీళ్లు చెడ్డవాళ్ల మీదికే వస్తాయని. మా ఇంట్లోకీ వచ్చాయి కదా అని. హదీసు దీనికి పూర్తి విరుద్ధంగా ఉంది. నీళ్లలో మునిగి చనిపోయిన విశ్వాసిని షహీదుల్లో (అమరుల్లో) లెక్కించే హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ముందు అది చెప్పాలి. ఆ తర్వాత నూహ్ కథకు వచ్చినా, కొడుకు అహంకారం కన్నా తండ్రి పిలుపు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 11వ సూరాలో నూహ్ అలల మధ్య, నాయనా, మాతో పాటు ఎక్కు అని పిలుస్తాడు. అంతా అయిపోయాక కూడా, ప్రభూ, నా కొడుకు నా కుటుంబంవాడే కదా అని మొర పెట్టుకుంటాడు. ఆ మొర చెల్లలేదు. కానీ ఖుర్ఆన్ దాన్ని దాచలేదు కూడా.

పేరూ ముఖమూ లేని చెడ్డ ఉదాహరణ కావాలంటే 83వ సూరా ఉంది. గుంటూరు పిల్లలకు దాన్ని వివరించడం సులువు. తమకు రావలసింది నిండుగా కొలిపించుకుని, ఎదుటివాళ్లకు ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు వినాశనం అని మొదలవుతుంది. మిర్చి టిక్కీలు, కాటా, తరుగు అన్న మాటలు వింటూ పెరిగే ఇళ్లలో ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. వ్యాఖ్యాతల్లో కొందరు దీన్ని తూకం దగ్గరే ఆపలేదు. తన హక్కు పూర్తిగా అడిగి, ఎదుటివాడి హక్కు కోసేసే ప్రతివాడికీ వర్తింపజేశారు. అక్కడి నుంచి పిల్లల్నే అడగవచ్చు. నీ పెన్సిల్ ఎవరైనా తీసుకుంటే ఎంత గొడవ చేస్తావు, నువ్వు తీసుకుంటే ఎంత చేస్తావు? ఫోన్ చూసే సమయం లెక్కలో అన్నకు ఒక కాటా, నీకు ఒక కాటానా? ఇలా అడిగితే పిల్లలు మొదట చెల్లెలి మీదో తమ్ముడి మీదో చాడీ చెబుతారు. కాసేపు ఆగితే ఎవరో ఒకరు తన గురించి చెబుతారు.

ఇంత చెప్పాక ఒక ముడి మిగిలే ఉంటుంది. పిల్లలు దాన్ని తప్పకుండా పట్టుకుంటారు. మునిగిపోతూ ఫిరౌన్, నేను నమ్మాను అన్నాడు కదా, మరి ఎందుకు క్షమించలేదు? 10వ సూరా 90వ ఆయతులో ఆ మాట ఉంది. ఇప్పుడా అన్న జవాబు వెంటనే 91లో ఉంది. అత్యధిక ఉలమాల (మత పండితుల) మాట, చావు ఎదురుగా నిలబడ్డాక చేసే తౌబా (పశ్చాత్తాపం) చెల్లదని. 4వ సూరా 18వ ఆయతు దానికి ఆధారం. సూఫీ తత్వవేత్త ఇబ్ను అరబీ మాత్రం ఫిరౌన్ విశ్వాసంతోనే పోయాడన్నట్టు రాశాడు. 15వ శతాబ్దంలో జలాలుద్దీన్ దవ్వానీ ఆ పక్షాన వాదించాడు, తర్వాత ముల్లా అలీ ఖారీ దాన్ని ఖండిస్తూ రాశాడు. పదేళ్ల పిల్లకు ఈ వాదమంతా అక్కర్లేదు. హమ్జాను ఈటెతో చంపిన వహ్షీ తర్వాత వచ్చి ఇస్లాం స్వీకరిస్తే అంగీకరించారని చెబితే చాలు. ప్రవక్తకు అత్యంత ఇష్టుడైన మరో బాబాయి హమ్జా. అయినా వహ్షీకి తలుపు తెరిచే ఉంది. ఫిరౌన్ పాఠం, వహ్షీ పాఠం వేర్వేరు నెలల్లో కాకుండా ఒకే సాయంత్రం చెప్పాలి. ఫిరౌన్‌కు మూసాను పంపుతూ దేవుడు ఏం చెప్పాడో కూడా అప్పుడే చదివించాలి. అది 20వ సూరా, 44వ ఆయతు: అతనితో మృదువుగా మాట్లాడండి, బహుశా అతను ఆలోచిస్తాడేమో.